ఎర్ర సున్నా

“కంప్యూటర్ అబద్ధం చెప్పదు” అనే మాట మా ఏరియా ఆఫీసులో మొట్టమొదట అన్నది నేనే. తర్వాత అందరూ అన్నారు. పెద్ద సార్లు అన్నారు, యూనియన్ వాళ్లు అన్నారు, చివరికి గేటు దగ్గర చౌకీదారు కూడా అన్నాడు. ముందు అన్నవాణ్ణి నేను కాబట్టి, ఆ మాట వల్ల ఎవరి కొంప మునిగిందో చెప్పాల్సినవాణ్ణీ నేనే.

ఇన్నేళ్లకు ఇదెందుకు తవ్వుతున్నావంటారా? మొన్న చంద్రపూర్‌లో ఒక పెళ్లిలో, పుణేలో సాఫ్ట్‌వేర్ పని చేసే అమ్మాయి ఒకతె నా పక్కన భోజనానికి కూర్చుంది. “తాతా, మీ టైమ్‌ల కోడింగ్ ఏముండె? అంతా రిజిస్టర్లే గదా?” అంది. ఉండేదమ్మా, ఉండేది. మీరు ఇవాళ ఎవరో రాసిపెట్టిన లైబ్రరీ, అంటే తయారుగా ఉన్న కోడు మూట, తెచ్చి తగిలించుకుంటారు. మేం కూర్చుని రాసుకునేవాళ్లం. నేనూ ఒకటి రాశాను. బాగానే రాశాను. దానివల్ల ఒక మనిషి బతుకులో ఐదేళ్లు మాయమయ్యాయి.

మాది మహారాష్ట్రలో రాజురా వైపు, విరూర్ స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలో ఒక పల్లె. పత్తి పండక, అప్పటి ప్రైవేటు బొగ్గు గనిలో పని కోసం మా నాన్న, మేం బాపు అంటాం, మాజ్రి వైపు వచ్చాడు. ఆయన వెంట పక్కింటి కాక, నాకు చిన్నాన్న వరస, వచ్చాడు. ఇద్దరూ ఒక్క కడుపున పుట్టలేదు గానీ, కాక పుట్టినప్పుడు బాపుకు నాలుగేళ్లు. వాళ్లమ్మ చేనుకు పోతే కాక తొట్టెల ఊపింది మా బాపే. అందుకే కాక ఆయన్ను “అన్నా” అని తప్ప వేరే విధంగా పిలిచి ఎరుగడు. బాపు బొగ్గు ఎత్తేవాడు. కాక టింబర్‌మన్. అంటే గనిలో పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని. ఇనుప కడ్డీతో కప్పును కొట్టి, చెవి వొగ్గి చప్పుడు వినేవాడు. గట్టి చప్పుడైతే పర్వాలేదు, డొల్ల చప్పుడొస్తే “ఎనుకకు జరుగుండ్రి” అని అరిచేవాడు. ఆ అరుపు విని వెనక్కి జరిగి బతికినవాళ్లలో మా బాపు ఒకడు.

గనులు సర్కారు చేతికి వచ్చినప్పుడు, అంటే డెబ్భై మూడులో, కూలీలందరినీ వరస కట్టించి పేర్లు రాసుకున్నారు. బడి సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు పుట్టిన సంవత్సరం రాశారు, చివరి రెండంకెలు. లేనివాళ్లను డాక్టరు నోరు తెరవమని పళ్లు చూశాడు, చొక్కా విప్పించి ఛాతీ చూశాడు, సంతలో ఎద్దును చూసినట్టే. చూసి నోటికొచ్చిన వయసు చెప్పాడు. మా బాపుకు ముప్పై ఎనిమిది, కాకకు ముప్పై నాలుగు. చిత్రమేమిటంటే ఆ డాక్టరు లెక్క సరిగ్గా కుదిరింది, నాలుగేళ్ల తేడాతో సహా. రిజిస్టర్లో వయసుకు వేరే గడి లేదు. పుట్టిన సంవత్సరం గడిలోనే వయసు కూడా రాసి, తేడా తెలియడానికి హాజరీ బాబు, అంటే హాజరు రాసే గుమాస్తా, దాని చుట్టూ ఎర్ర సిరాతో ఒక సున్నా చుట్టేవాడు. సున్నా ఉంటే అది వయసు. లేకపోతే సంవత్సరం. అంతే మర్మం.

తర్వాత కొన్నేళ్లకు ఆ రిజిస్టర్లన్నీ ఒక పెద్ద మిషన్ టేపుల్లోకి ఎక్కాయి. టేపు మీద చోటు తక్కువ. అందుకని అక్షరాలుగా కాకుండా, ఒక్కో మనిషి వివరాలు బైట్లుగా, బిట్లుగా కుక్కి పెట్టారు. మామూలు కళ్లతో చూస్తే అంతా చెత్త. ఏ బైటు ఏమిటో చెప్పే నమూనా కాగితం ఒకటి ఉంటేనే విప్పగలరు.

తొంభైల మొదట్లో ఢిల్లీలో ఏవో తలుపులు తెరిచారని పేపర్లలో చదివాం. మా దగ్గర తెరిచింది మాత్రం బయటికి పంపే తలుపే. మనుషులు ఎక్కువయ్యారు, తగ్గించాలి అని పైనుంచి కాగితం మీద కాగితం. అదే ఊపులో పాత మిషన్‌ను తీసేసి ఏరియా ఆఫీసుకు మూడు కంప్యూటర్లు తెచ్చారు. ఏసీ గది, తలుపు దగ్గర చెప్పులు విప్పాలి. మరాఠీ బడిలో చదివి, నాగ్‌పూర్‌లో కంప్యూటర్ కోర్సు చేసిన బొగ్గు కూలీ కొడుకుని నేను. ఆ గదికి నన్ను పూజారిని చేశారు. మొదటి పని: పాత టేపుల్లోని మనుషులందరినీ కొత్త మిషన్లోకి దించడం.

అప్పుడు రాశాను ఆ లైబ్రరీ. దాని పద్ధతి చెబుతాను, విసుక్కోకండి. ప్రతి బైటుకూ అది ఏ జాతిదో ముందే చెప్పాలి. ఇది సంఖ్య, ఇది తేదీ, ఇది అవును-కాదు, ఇది వాడకుండా వదిలేసిన ఖాళీ అని. చెప్పినదానికి విరుద్ధంగా టేపులో ఏమైనా కనిపిస్తే ప్రోగ్రాం అక్కడే ఆగి గోల చేస్తుంది. అంతేకాదు, విప్పినదాన్ని మళ్లీ కట్టి, టేపుతో పోల్చి చూసేది. విప్పిన మూట మళ్లీ కడితే అచ్చం అదే మూట రావాలి. మొదటి నలుగురైదుగురితో నడిపి చూస్తే వచ్చింది. ఒక్క బిట్టు తేడా లేదు. నా అంతటివాడు లేడనుకున్నాను.

నమూనా కాగితంలో ఆ రెండంకెల బైటుకు ఎదురుగా “పుట్టిన సంవత్సరం” అని ఉంది. నేనూ దాన్ని సంవత్సరం అనే చెప్పాను. కొంచెం అవతల ఒక బిట్టుకు ఎదురుగా ఏమీ రాసిలేదు. ఖాళీ అని చెప్పాను. ఖాళీ అంటే అందులో ఏమీ ఉండకూడదు కదా. అందరితో నడిపితే ప్రోగ్రాం పది మందికి ఒకసారి ఆగి, “ఖాళీలో ఏదో ఉంది” అని మొత్తుకోవడం మొదలుపెట్టింది.

రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ హాజరీ బాబు ఆ గదిలోకి వచ్చింది అప్పుడే. మరాఠీ మనిషి, ఆ ఎర్ర సున్నాలు చుట్టిన చేయి ఆయనదే. చెప్పులు విప్పమన్నందుకు చిరాకుగా ఉన్నాడు. తెర వైపు అనుమానంగా చూసి, “అరే బాబా, తే లాల్ గోల్ విసరూ నకో” అన్నాడు. ఆ ఎర్ర సున్నాలు మరిచిపోకు అని. రిజిస్టర్లో రంగుల సంగతి నాకెందుకు, నాకు కాగితం ఉంది అనుకున్నాను. “హో, హో” అని, సరేనన్నట్టు తలూపి పంపేశాను. ఆయన చెప్పిన ఎర్ర సున్నానే ఆ బిట్టు. కాగితం తయారయ్యాక కలిపారు, కాగితం మీద ఎక్కించలేదు. ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. ఎల్లుండి నాగ్‌పూర్ నుంచి పెద్ద సారు చూడ్డానికి వస్తున్నాడు, ప్రోగ్రాం చూస్తే అడుగడుక్కీ ఆగుతోంది. ఖాళీని తనిఖీ చేసే ఆ ఒక్క లైను తీసేశాను. కాపలాకు నేను పెట్టుకున్న కుక్కనే, అరుస్తోందని కట్టేశాను.

తర్వాత ప్రోగ్రాం నున్నగా నడిచింది. కొందరు 1925లో పుట్టినట్టు వచ్చింది. వాళ్లు ఇంకా డ్యూటీ చేస్తున్నారు కాబట్టి ఇదేదో పంచింగ్ పొరపాటు అని టైమాఫీసుకు రాసి చేత్తో సరిచేయించాం. చూడండి, కొట్టొచ్చినట్టు కనబడే తప్పులు దొరికిపోయాయి. నమ్మేలా ఉన్న తప్పులు మిగిలిపోయాయి. ముప్పై ఎనిమిదేళ్ల మా బాపు 1938లో పుట్టాడు. అంటే మూడేళ్లు చిన్నవాడయ్యాడు. ముప్పై నాలుగేళ్ల కాక 1934లో పుట్టాడు. ఐదేళ్లు పెద్దవాడయ్యాడు. అభ్యంతరాలుంటే చెప్పండని జాబితా ఇంగ్లీషులో అచ్చువేసి పదిహేను రోజులు గోడకు అంటించాం. ఇంగ్లీషు రానివాళ్లెవరూ అభ్యంతరం చెప్పలేదు.

తొంభై నాలుగులో, అరవై నిండాయని కాకకు రిటైర్మెంట్ నోటీసు వచ్చింది.

మైన్ గేటు దగ్గర టీ హోటల్లో ఆ రోజు అందరికీ అదే ముచ్చట. “అన్న డ్యూటీకి, తమ్ముడు ఇంటికి! గిదేం లెక్కరా బయ్?” అని ఒకడు, “అన్న ఏం తింటుండో అడుగుండ్రి” అని ఇంకొకడు. కాక కూడా నవ్వాడు. నన్ను చూసి పిలిచాడు.

“ఏంది బిడ్డా, నీ మిషిను నన్ను ముసలోన్ని జేసిందట?”

“చూస్త కాకా. ఏదో పొరపాటైతది.”

“జెర జల్ది సూడు. మీ చిన్నమ్మకు దమ్ము లేస్తుంది. దవాఖాన బంద్ అయితే కష్టం.”

ఆ రోజుల్లో రిటైరైతే క్వార్టరు ఖాళీ చేయాలి, కంపెనీ ఆసుపత్రి కూడా ఉండదు. చిన్నమ్మకు ఆస్తమా. కాకకు కావలసింది ఆ ఐదేళ్లే.

నేను గోదాముకు వెళ్లి రిజిస్టరు తీయించాను. ఒకే పేజీలో కింద మీద ఉన్నారు ఇద్దరూ. 38, దాని కింద 34. రెండింటి చుట్టూ ఎర్ర సున్నాలు, సిరా కొంచెం గోధుమ రంగుకు తిరిగింది. హాజరీ బాబు మాట అప్పుడు చెవిలో మోగింది. ఆఫీసుకొచ్చి టేపు మళ్లీ ఎక్కించి, ఆ ఖాళీ బిట్టు ఉన్నవాళ్లందరినీ లెక్కపెట్టాను. ఆ సంఖ్య నాకు ఇప్పటికీ గుర్తుంది. చెప్పను. సగానికి పైగా మనవాళ్లే, నది అవతలి నుంచి, రాజురా పల్లెల నుంచి వచ్చిన తెలుగువాళ్లు. వాళ్లకే కదా సర్టిఫికెట్లు లేనిది.

నా పక్షాన ఒక్క మంచి మాట ఉంటే అది ఇదే: మొదట నిజం చెప్పడానికే వెళ్లాను. పర్సనెల్ మేనేజర్ సారు అంతా విన్నాడు. నాకు చాయ్ తెప్పించాడు. అంత మర్యాద అంతకు ముందు ఎప్పుడూ చేయలేదు.

“ఒక్కడిది తప్పని ఒప్పుకుంటే రేపు గేటు ముందు ఎంతమంది నిలబడతారో తెలుసా?” అన్నాడు హిందీలో. “ఇటు మనుషుల్ని తగ్గించమని పైవాళ్లు నా ప్రాణం తీస్తున్నారు. నీ ప్రోగ్రాం అన్ని ఏరియాల్లో పెట్టాలని నాగ్‌పూర్ అడుగుతోంది. నిన్ను కూడా పంపాలనుకుంటున్నాను.” చాయ్ కప్పు నా వైపు జరిపి, “సరిచేస్తే మీ నాన్నది కూడా మారుతుంది కదా?” అన్నాడు. మనిషి పని తెలిసినవాడు. నా కన్నా ముందే చూసుకున్నాడు.

చాయ్ తాగి బయటికి వచ్చాను. చాయ్ తాగకుండానైనా రావలసింది.

విచారణ చంద్రపూర్‌లో, మా ఏరియా ఆఫీసులోనే పెట్టారు. పొడుగాటి బల్ల, అటు వైపు మేనేజర్ సారు, ఒక డాక్టరు, యూనియన్ నాయకుడు. బల్ల చివర కంప్యూటర్ జాబితాతో నేను. కాక ఉతికిన ధోతీ కట్టుకుని వచ్చాడు. బాపును సాక్ష్యానికి వెంట తెచ్చుకున్నాడు. హిందీ, తెలుగు కలిపి మాట్లాడాడు.

“నాకు సదువు లేదు సార్. పుట్టిన తారీకు తెల్వది. గని నాకంటె బాగ ఎవలకు తెల్సో చెప్పుండ్రి. కప్పు కొడితే నాకు తెలుస్తది, ఇంకెన్ని దినాలు నిలవడ్తదో. నా పానం కూడ గట్లనే కొట్టి సూసుకున్న. ఇంకా ఐదేండ్లు పని జేస్త.”

డాక్టరు నవ్వాడు. మేనేజర్ సారు రిజిస్టరు తెరిచి కాక వైపు తిప్పాడు. “ఇదిగో, ఇక్కడా ముప్పై నాలుగే, కంప్యూటర్లోనూ ముప్పై నాలుగే. ఇంకేం కావాలి?”

అప్పుడు యూనియన్ నాయకుడు, పాపం ఆయన కళ్లు మంచివి, వంగి చూసి, “ఈ ఎర్ర గుర్తేంటి?” అన్నాడు.

మేనేజర్ సారు నా వైపు చూశాడు. “టేపుల పని నువ్వే చేశావు. ఇదేమిటో నీకు తెలుసా?”

హాజరీ బాబు అప్పటికే రిటైరై వరోరా వైపు ఊరికి వెళ్లిపోయాడు. ఆ గదిలో జవాబు తెలిసినవాళ్లం ఇద్దరమే, నన్ను అడిగిన మేనేజర్ సారు, నేను. కాక నా వైపు చూస్తున్నాడు, ధైర్యంగా, సొంత పిల్లవాడు బల్లకు అటువైపు ఉన్నాడన్న ధీమాతో.

“నహీ మాలూమ్, సర్” అన్నాను.

అంతే. మూడు మాటలు. నా ఉద్యోగ జీవితంలో ఎన్ని వేల లైన్ల ప్రోగ్రాం రాశానో, వాటన్నిటికన్నా ఈ మూడు మాటలే ఎక్కువ పని చేశాయి.

కాకకు ఇంకా అర్థం కాలేదు. “గుర్తు సంగతి ఇడిసిపెట్టుండ్రి సార్. మా అన్నను అడుగుండ్రి. నా తొట్టెల ఊపిండు ఈన. తొట్టెల ఊపినోడు నాకంటె చిన్నోడెట్లయితడు?”

బాపును ముందుకు పిలిచారు. మేనేజర్ సారు జాబితా చూస్తూ అడిగాడు. “కంప్యూటర్ లెక్కలో నువ్వు ఇతనికన్నా నాలుగేళ్లు చిన్న. నువ్వేమో పెద్ద అంటావు. అంటే నీ కొడుకు చేసింది తప్పంటావా?”

బాపు నోరు తెరిచాడు. నా వైపు చూశాడు. నేను జాబితాలోకి చూస్తున్నాను. తల ఎత్తలేదు, కానీ ఆయన చూపు నా నెత్తి మీద ఎంతసేపు ఉందో నాకు తెలుసు.

“నాకు సదువు రాదు సార్” అన్నాడు బాపు చివరికి. “నా కొడుకు సదువుకున్నడు. ఆడు రాసిందే ఖరే, గదే నిజం.”

కాక ఆయన్ను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. డొల్ల చప్పుడు విన్నప్పుడు ఆయన ముఖం ఎలా అయ్యేదో గనిలో పనిచేసినవాళ్లు చెప్పేవారు. నేను ఆ రోజు చూశాను. అరవలేదు. గొడవ చేయలేదు.

“సరే సార్. అంగూఠా యాడ పెట్టాలె?” అని బొటనవేలు చాపాడు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు బాపు నాతో ఒక్క మాటే అన్నాడు. “నీకు తెల్సు. నీకు తెల్సని నాకు తెల్సింది. గందుకే గట్ల జెప్పిన.” నేను ఏదో చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ తర్వాత ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు తగిలించినా బాగుండేది.

కాక క్వార్టరు ఖాళీ చేసిన రోజు మా ఇంటికి రాలేదు. విరూర్ దగ్గరి మా పల్లెకే తిరిగిపోవడానికి ట్రంకు పెట్టె, మంచం ఆటోలో వేసుకుని స్టేషన్‌కు వెళ్లారు. బాపు ఆ రోజు డ్యూటీకి వెళ్లలేదు. కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు, అంతే.

నేను నాగ్‌పూర్ వెళ్లాను. వెళ్లగానే చేసిన మొదటి పని లైబ్రరీని సరిచేయడం. పుట్టిన సంవత్సరం ఒక జాతి, రాసిన వయసు ఇంకో జాతి, ఒకదాని చోట ఇంకొకటి పెడితే ప్రోగ్రాం ముందుకు కదలదు. ఖాళీలో ఏమైనా కనిపిస్తే ఆగి మొత్తుకోవాలి, ఎవరూ ఆ లైను తీసేయకూడదు అని పెద్ద అక్షరాలతో రాసిపెట్టాను. మిగతా ఏరియాల్లో ఒక్కరి వయసు కూడా తారుమారు కాలేదు. నాకు ఒక గోడ గడియారం బహుమతిగా ఇచ్చారు. మా ఏరియా జాబితాను మాత్రం ఎవరూ ముట్టలేదు. నేనూ ముట్టలేదు. నిర్దోషిలా బతకడం ఎంత సులభమో పిల్లలకు ఎవరూ చెప్పరు. తర్వాత వచ్చేవాళ్లకు మేలు చేస్తూ పోతే చాలు, ముందు ముంచినవాళ్లను ఎవరూ అడగరు.

బాపు ఆ దొంగ మూడేళ్లు కూడా గనిలో దిగాడు. రిటైరైన రోజు దండ వేసి, మైకులో పుట్టిన సంవత్సరం 1938 అని చదివారు. బాపు తల వంచుకుని విన్నాడు. ఇంటికొచ్చాక దండ తీసి, “అయితారం ఇరూర్ పోదాం” అన్నాడు. ఎవరింటికని నేను అడగలేదు.

ఆదివారం పొద్దున ప్యాసింజర్‌లో విరూర్ వెళ్లాం. స్టేషన్ నుంచి పల్లెకు నడుస్తున్నంతసేపూ బాపు ఏదో గొణుక్కుంటున్నాడు, చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంటున్నట్టు. కాక వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాపును చూసి లేచాడు. ముఖంలో కోపం లేదు. అది ఉంటే మా ఇద్దరికీ ఎక్కడో ఒక దారి దొరికేది. తువ్వాలుతో మంచం దులిపి జాగా చేశాడు. ఇంట్లోకి తిరిగి కేకేశాడు.

“ఓ, నీళ్లు పట్టుకురా. మా తమ్మి ఒచ్చిండు.”

చిన్నమ్మ చెంబు పట్టుకుని బయటికి వచ్చింది. గడప నుంచి మంచం దాకా వచ్చేలోపు రెండుసార్లు ఆగి దమ్ము తీసుకుంది. బాపు చెంబు అందుకుని, తమ్ముడు కూర్చునే వైపు, మంచం కాళ్ల దిక్కున కూర్చున్నాడు.